రామన్నపేట దారిలో ఎర్ర ఆటో

2024 మే మొదటివారం. ఎల్బీనగర్‌లో బస్సెక్కి చిట్యాలలో దిగేసరికి పదిన్నర, అప్పటికే ఎండ మాడ్చేస్తోంది. భువనగిరి లోక్‌సభ స్థానంలో సీపీఎం అభ్యర్థి ఎండీ జహంగీర్ ప్రచారం చూద్దామని వచ్చాను. రాష్ట్రంలోని 17 స్థానాల్లో ఆ పార్టీ నిలబడింది ఈ ఒక్కచోటే. అభ్యర్థి ఆ రోజు ఇంకో మండలంలో ఉన్నారట. నాకు దొరికింది మైకు కట్టిన ఆటో, ఇద్దరు కార్యకర్తలు. ఎక్కమన్నారు, ఎక్కాను.

రామన్నపేట వైపు ఒక ఊళ్లో వేపచెట్టు కింద ఆపి పాట పెట్టారు. ఉపాధి పని ముగించుకుని ఆడవాళ్లు గడ్డపారలతో వస్తున్నారు. ఒక కార్యకర్త రేకు డబ్బా పట్టుకుని ఎదురెళ్లాడు. ఓ ముసలమ్మ కొంగుముడి విప్పి, నాలుగు మడతలు పెట్టిన ఇరవై నోటు తీసి డబ్బాలో వేసింది. ఓటు కూడా వీళ్లకేనా అని నేనడిగితే నవ్వింది. "కూలి కాడ లొల్లైతే వీళ్లే వస్తరు బిడ్డా, పైసలిస్త. ఓటు సంగతి ఇంట్ల అడగాలె."

కమ్యూనిస్టు పార్టీ మీద నిషేధం ఉండగా 1952లో పీడీఎఫ్ (పీపుల్స్ డెమోక్రటిక్ ఫ్రంట్) పేరుతో నిలబడ్డ రావి నారాయణరెడ్డిని నెహ్రూ కంటే ఎక్కువ ఓట్లతో గెలిపించిన పాత నల్లగొండ జిల్లా గడ్డ ఇది. తాగునీళ్లలో ఫ్లోరైడ్ గోడు ఢిల్లీకి వినపడాలని 1996లో నల్లగొండ బరిలో 480 మంది నిలిచినప్పుడు, బ్యాలెట్ పుస్తకమంత అయినా సీపీఐ ధర్మభిక్షం పేరు వెతికి మరీ గెలిపించారు. ఇప్పుడు పాతిక వేల డిపాజిట్ దక్కాలంటే పోలైన చెల్లే ఓట్లలో ఆరోవంతు దాటాలి. జహంగీర్ దాటలేదు, జూన్‌లో తేలింది.

తప్పంతా జనానిది అనలేను. 2022 మునుగోడు ఉపఎన్నికలో ఎర్రజెండాలు రెండూ టీఆర్ఎస్ వెంట నడిచాయి. ఏడాది తిరిగేసరికి, అసెంబ్లీ ఎన్నికల్లో, సీపీఐ కాంగ్రెస్‌తో, సీపీఎం ఒంటరిగా. ఈ లెక్క గుర్తుపెట్టుకోవడం నాకే కష్టం, ఇక పొద్దంతా మట్టి తవ్వొచ్చిన మనిషికేం పడుతుంది?

సాయంత్రం నన్ను బస్టాండులో దింపుతూ కుర్ర కార్యకర్త కరపత్రం చేతిలో పెట్టాడు.

"సారూ, మీ ఓటెక్కడ?"

"ఉప్పల్. మల్కాజిగిరి కిందికొస్తుంది."

కాసేపు తల గోక్కున్నాడు.

"ఆడ మేం లేం సార్. కాంగ్రెస్‌కెయ్యిండ్రి."

కరపత్రం మాత్రం వెనక్కి తీసుకున్నాడు. పొద్దున వలిగొండలో పంచాలట.