అమో, అమాస్, అమత్: అమ్మాయితో పాటు నేనూ లాటిన్ నేర్చుకున్నాను

వర్జీనియాలో మేముండే చోట స్కూళ్ళలో స్పానిష్, ఫ్రెంచ్‌తో పాటు లాటిన్ కూడా తీసుకోవచ్చు. మా అమ్మాయి లాటిన్ తీసుకుంటానంది. ఎవరూ మాట్లాడని భాష ఎందుకే అంటే, "అందుకేగా అమ్మా, గడగడా మాట్లాడి చూపించక్కర్లేదు" అంది. హోంవర్క్ దగ్గర తోడు కూర్చుందామని మొదలుపెట్టి నేనూ అందులో పడిపోయాను.

మొదట వచ్చిన క్రియ ప్రేమించడం. అమో, అమాస్, అమత్, అమాముస్, అమాతిస్, అమంత్. వరసగా ప్రేమిస్తాను, ప్రేమిస్తావు, ప్రేమిస్తాడు, ప్రేమిస్తాం, మీరు ప్రేమిస్తారు, వాళ్ళు ప్రేమిస్తారు. నేను, నువ్వు అని విడిగా చెప్పకుండా క్రియ చివర చూసి మనిషిని పట్టుకోవడం ఇంగ్లీషు పిల్లలకి వింతగా ఉంటుందట. మా పిల్ల స్కూల్లో ఇంగ్లీషే అయినా ఇంట్లో "వస్తున్నా", "తిన్నావా" వింటూ పెరిగింది కాబట్టి అక్కడ ఇబ్బంది పడలేదు. తనకి తేడాలే సరదాగా అనిపించాయి. మనకి వస్తాడు, వస్తుంది వేరు. లాటిన్‌లో ఆడా మగా వస్తువూ అన్నిటికీ ఒకే 'త్'. మనం "వస్తారు" అంటే మీరో వాళ్ళో చెప్పాలి, అక్కడ 'తిస్' అంటే మీరు, 'ంత్' అంటే వాళ్ళు, గొడవే లేదు. పైగా ప్రాచీన రోమన్లకి ఒక్క మనిషిని గౌరవంగా మీరు అనే అలవాటు లేదు, ఎంతటివాడైనా నువ్వే. "అయితే మా టీచర్‌ని కూడా నువ్వు అనొచ్చు!" అని మా అమ్మాయి తెగ మురిసిపోయింది.

నాకు దొరికిన ఆసరా వేరే. ఇంటర్‌లో మనలో చాలామందిలాగే మార్కుల కోసం సంస్కృతం తీసుకున్నాను. భవతి, భవతః, భవంతి అని బట్టీ కొట్టడం తప్ప దానితో పనిపడుతుందని ఏనాడూ అనుకోలేదు. లాటిన్‌లో "ఉండు" క్రియ చూడండి: సుమ్, ఎస్, ఎస్త్, సుముస్, ఎస్తిస్, సుంత్. పక్కన అస్మి, అసి, అస్తి, స్మః, స్థ, సంతి పెట్టుకుంటే ఇంక చెప్పేదేముంది! వహతి, వహంతి (మోస్తాడు, మోస్తారు) అక్కడ వెహిత్, వెహుంత్. సంస్కృతం, గ్రీకు, లాటిన్ ఒకే మూలం నుంచి వచ్చి ఉండాలని బ్రిటిష్ పండితుడు విలియం జోన్స్ 1786లో కలకత్తాలో చెప్పిన సంగతి ఎక్కడో చదివానుగానీ, ఇలా వరసలు పక్కపక్కన రాసుకుంటే ఆ మాట ఎందుకన్నాడో అర్థమైంది. సంస్కృతంలోలా ఇద్దరికి విడిగా వాడే ద్వివచనం లాటిన్ క్రియకి లేదు, బతికిపోయాం.

ఈ ఆరు తోకలూ తొందరగానే వచ్చేశాయి. అసలు టెన్షన్ తోకకి ముందున్న అచ్చుతో. లాటిన్ క్రియలు నాలుగు గుంపులు. "చేయడం" అనే రూపం చూసి ఏ గుంపో చెప్పాలి: అమారే, దొకేరే, దూకెరే, ఆడియో అన్న మాటకి మూలమైన ఔదీరే. దొకేరే అంటే బోధించడం, దూకెరే అంటే నడిపించడం. ఇంగ్లీషు అక్షరాల్లో ఈ రెండిటి చివరలూ ఒకేలా కనిపిస్తాయి. దీర్ఘానికి గుర్తుగా నెత్తిన చిన్న గీత పెడతారు, పిల్లలు దాన్ని వదిలేస్తారు. తెలుగులో రాస్తే 'కే', 'కె' అని తేడా కళ్ళకి కొడుతుంది. అందుకని పట్టికలన్నీ నా నోట్సులో తెలుగు లిపిలోనే రాసుకున్నాను. అమాస్‌లో దీర్ఘం, అమత్‌లో హ్రస్వం ఎందుకన్నదీ అప్పుడే గమనించాను: చివర 'త్' గానీ 'ంత్' గానీ వస్తే ముందున్న దీర్ఘం తగ్గిపోతుంది.

అన్నిట్లో పెంకిది మూడో గుంపు. దూకో, దూకిస్, దూకిత్, దూకిముస్, దూకితిస్, దూకుంత్. దూకెరేలో ఉన్న 'కె' ఒక్కచోట కూడా కనపడదు. దూకో తర్వాత అన్నిచోట్లా 'ఇ', చివర్న ఉన్నట్టుండి 'ఉ'. నాలుగో గుంపులో ఔదిత్ దాకా బాగానే ఉండి, చివరికి ఔదియుంత్ అంటుంది. వీటికి బట్టీ తప్ప మార్గం లేదని నా అభిప్రాయం. బట్టీని తిట్టేవాళ్ళు ఈ గుంపు నేర్చుకుని వచ్చి మాట్లాడాలి.

ఉచ్చారణ గురించి ఒక్క మాట. యూట్యూబ్‌లో కొందరు దొకెత్ అంటారు, కొందరు దోచెత్ అంటారు. రెండోది చర్చిలో వాడే పద్ధతి. ఏదో ఒకటి పట్టుకుంటే చాలు, స్కూల్లో మొదటిదే.

పట్టిక అప్పజెప్పడం వచ్చినా వాక్యం రాగానే అది పనికిరావడం లేదు. "పుఎల్లాస్ దొకెత్" అని రెండే మాటలు. పుఎల్లాస్ అంటే అమ్మాయిలు, దొకెత్ అంటే బోధించడం, కాబట్టి "అమ్మాయిలు బోధిస్తారు" అని రాసేసింది మా పిల్ల. తోక చూడవే అన్నాను. 'త్' ఉంది, అంటే ఒక్కరే. అమ్మాయిలు ఒక్కరెలా అవుతారు? వేరే ఎవరో అమ్మాయిలకి పాఠం చెబుతున్నారన్నమాట. వాళ్ళే చెబుతుంటే దొకెంత్ అని ఉండాలి. క్రియ మనకిలాగే ఎక్కువగా చివర్లో వస్తుంది కాబట్టి నాకు చదవడం హాయిగా ఉంది. తను మాత్రం ముందు చివరికి పోయి తోక చూసి, మళ్ళీ మొదటికి రావడం అలవాటు చేసుకుంది.

అప్పటినుంచి పట్టికలు పక్కన పెట్టి తిరగేసి ఆడాం. అన్నం తింటుంటే నేను "దూకిముస్" అంటాను, తను "మేము" అనాలి. "ఔదీస్" అంటే "నువ్వు వింటున్నావు". దీనికి "వినడం లేదు, తింటున్నా" అని వెటకారం ఉచితం.

వర్తమానం క్విజ్ బాగానే రాసింది. ఇప్పుడు భూతకాలం నడుస్తోంది: అమాబమ్, అమాబాస్, అమాబత్. మధ్యలో 'బా' తప్ప కొత్తదేమీ లేదని తనే కనిపెట్టింది. సుమ్‌లో ఉన్న 'మ్' ఇక్కడ నేనుకి తిరిగొచ్చింది. నేను కాస్త ముందుకి చదివి ఉన్నాను కాబట్టి ఒక సంగతి తెలుసు: మూడో గుంపులో దూకిత్ అంటే నడిపిస్తాడు, దూకెత్ అంటే ఇకముందు నడిపిస్తాడు, భవిష్యత్తు. దొకెత్ మాత్రం వర్తమానమే. ఈ కబురు ఇంకా తనకి చెప్పలేదు. అదేదో టీచరే చెప్పుకుంటారు.