మీది పోర్చుగీసే కాదన్నారు: పోర్చుగల్‌లో నా థీసిస్ అనుభవం

పోయిన వారం నా మాస్టర్స్ థీసిస్ వైవా అయిపోయింది. 20కి 18 వచ్చాయి. పోర్చుగల్‌లో మార్కులు 20కి వేస్తారు, 10 వస్తే పాస్, 17 దాటి వేయడానికి అక్కడి ప్రొఫెసర్లకు చెయ్యి రాదు, అందుకే ఈ 18 గురించి అడిగినవాళ్లకూ అడగనివాళ్లకూ చెబుతున్నాను. మా అమ్మ వాడకట్టంతా చెప్పి వచ్చింది. నేను రాసే బ్రెజిల్ పోర్చుగీసును తప్పన్నారన్న కోపం, చివరికి దాంట్లోనే గట్టెక్కిన సంతోషం రెండూ ఇంకా వేడిగానే ఉన్నాయి. ఇంకో నెల పోతే కొన్ని మాటలు మింగేస్తాను, అవే మన పిల్లలకు తెలియాల్సిన మాటలు, అందుకే ఇప్పుడే రాస్తున్నాను.

మాది సిద్దిపేట దగ్గర పల్లె. డిగ్రీ కాగానే హైదరాబాద్‌లో ఒక కంపెనీలో బ్రెజిల్ కస్టమర్ల ప్రాసెస్‌లో చేరాను. భాష వస్తే జీతం పెరుగుతుందని సావో పాలోలో ఉండే ఒక టీచర్ దగ్గర ఆన్‌లైన్‌లో పోర్చుగీసు మొదలుపెట్టి, రాత్రి షిఫ్టుల్లో రియో వాళ్లు, బహియా వాళ్లు మాట్లాడేది వింటూ వింటూ ఆ భాష మీద పిచ్చి పట్టింది. షిఫ్టు అయ్యాక క్యాబ్‌లో బ్రెజిల్ రచయిత మషాదో ది అస్సీస్ నవలలు ఫోన్‌లో చదివేదాన్ని, బ్రెజిల్ ప్రభుత్వం వాళ్ల దొమీనియో పుబ్లికో సైట్‌లో అవన్నీ ఉచితంగా దొరుకుతాయి. కాబట్టి నా నోట్లో ఉన్నది బ్రెజిల్ పోర్చుగీసు. గొడవంతా ఇక్కడి నుంచే వచ్చింది.

అడ్మిషన్ పెద్ద కష్టం కాదు. సర్టిఫికెట్లకు అపోస్టిల్ (విదేశాల్లో చెల్లడానికి వేసే ప్రభుత్వ ముద్ర) వేయించాలి, వీసాకు బ్యాంకు కాగితాలు పెట్టాలి, అక్కడ దిగాక నిఫ్ అనే ట్యాక్స్ నంబరు తీసుకోవాలి. అన్నీ మీరే చేసుకోవచ్చు. ఈ పనులకు అమీర్‌పేటలో ఒక కన్సల్టెన్సీ వాళ్లు అడిగిన డబ్బు వింటే మా నాన్న కుర్చీలోంచి లేచి వచ్చేశాడు, మంచి పని చేశాడు. యూనివర్సిటీ వాళ్లు భాషలో బి2, అంటే మధ్యస్థానికి కాస్త పై స్థాయి అడిగారు. నేను సెల్పె-బ్రాస్ సర్టిఫికెట్ పంపాను, అది బ్రెజిల్ ప్రభుత్వం 1998 నుంచి నడుపుతున్న పరీక్ష. వెంటనే ఒప్పుకున్నారు, ఫీజు కట్టించుకున్నారు. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి, తర్వాత పనికొస్తుంది.

నా టాపిక్ గోవా. 1510 నుంచి 1961 డిసెంబరు దాకా గోవా పోర్చుగీసు వాళ్ల చేతిలో ఉంది, అక్కడి మనుషులు పోర్చుగీసులో నవలలు రాశారు, కథలు రాశారు, పత్రికలు నడిపారు. 'ఓ హెరాల్డో' అనే పత్రిక 1900లో పోర్చుగీసు దినపత్రికగా మొదలై 1983లో ఇంగ్లిష్‌లోకి మారింది. ఆ కథలు చదివేవాళ్లు ఇప్పుడు గోవాలోనే తక్కువ. గోవా రచయిత్రి విమలా దేవి 1963లో లిస్బన్‌లో వేసిన 'మొన్సావ్' కథల సంపుటి చదివాకే నాకు ఈ ఆలోచన వచ్చింది: పోర్చుగీసు వాక్యం మధ్యలో కొంకణి మాట పడ్డప్పుడు రచయిత దాన్ని ఎలా పట్టుకుంటారు, అర్థం చెబుతారా, వదిలేస్తారా, ఎవరి నోట పెడతారు? గోవా కథల్లో బట్కార్ అంటే భూస్వామి, ముండ్కార్ అంటే ఆయన భూమిలో ఇల్లు వేసుకుని ఆయన దయ మీద బతికేవాడు. గడీల దొరల కథలు వింటూ పెరిగినదాన్ని, ఆ మాటల బరువు నాకు ఎవరూ చెప్పనక్కర్లేదు.

పంజిమ్‌లో పట్టో దగ్గరున్న కృష్ణదాస్ శామా సెంట్రల్ లైబ్రరీలో కూర్చుని పాత పత్రికలు చూశాను. 1832లో పెట్టిన లైబ్రరీ అది, అక్కడి స్టాఫ్ బంగారం. 1911 కంటే ముందువి చదివేటప్పుడు ఒక్కటి చూసుకోండి, ఆ సంవత్సరం పోర్చుగల్‌లో స్పెల్లింగ్ సంస్కరణ జరిగింది, అంతకుముందు థియేటర్‌కు 'టి' పక్కన 'హెచ్', ఫార్మసీకి 'పి హెచ్' రాసేవాళ్లు. ఇప్పటి స్పెల్లింగ్‌తో స్కాన్ కాపీల్లో వెతికితే ఒక్క ముక్క దొరకదు. పాత స్పెల్లింగ్‌తో కూడా వెతకండి.

ఇక అసలు సంగతి.

రెండో సంవత్సరం మొదట్లో సెమినార్ ఉంటుంది, రాసిన చాప్టర్ ముందే పంపితే ప్యానెల్ చదివి వచ్చి అందరి ముందు మాట్లాడతారు. ప్యానెల్‌లో ఒక సీనియర్ ప్రొఫెసర్ ఉన్నాడు. పేరు రాయను, రాసే అవసరం కూడా లేదు, అలాంటివాళ్లు ప్రతి చోటా ఉంటారు. నా చాప్టర్ ప్రింట్ తీసుకుని ప్రతి పేజీ ఎర్ర పెన్నుతో నింపి తెచ్చాడు. దాన్ని స్క్రీన్ మీద వేయించాడు. నేను 'రాస్తున్నాను' అనడానికి బ్రెజిల్ వాళ్ల లాగా 'ఎస్తో ఎస్క్రెవెందో' అని రాస్తే కొట్టేసి 'ఎస్తో ఆ ఎస్క్రెవేర్' అని రాశాడు. 'అతను నాకు చెప్పాడు' అనడానికి 'ఎలె మె దిస్సె' అని రాస్తే 'నాకు' అనే ఆ 'మె' మీద గుండ్రంగా చుట్టి క్రియ వెనక్కి బాణం గీశాడు. 'రెసెప్సావ్' (రిసెప్షన్) అనే మాటలో 'పి' అక్షరం కొట్టేశాడు. ఒక్కొక్కటీ పైకి చదివాడు, చదివేటప్పుడు బ్రెజిల్ యాసలో సాగదీసి చదివాడు. వెనక బెంచీల్లో నవ్వారు. చివరికి "ముందు పోర్చుగీసు నేర్చుకుని తర్వాత రీసెర్చ్ చేస్తే బాగుంటుంది" అన్నాడు. బట్కార్ గురించి, ముండ్కార్ గురించి, కొంకణి మాటల గురించి నేను పెట్టిన టేబుళ్ల గురించి ఒక్క ప్రశ్న అడగలేదు. ఒక్కటంటే ఒక్కటి. నా పక్కన రెసీఫీ నుంచి వచ్చిన బ్రెజిల్ అమ్మాయి ఉంది, పోర్చుగీసు ఆమె తల్లిభాష, ఆమె తల దించుకుని తన కాగితాలు బ్యాగులో పెట్టేసుకుంది. తర్వాతి వంతు ఆమెదే.

నా గైడ్ అక్కడే కూర్చుని ఉంది. ఏమీ మాట్లాడలేదు. తర్వాత ఆమె నాకు చాలా చేసింది, కానీ ఆ రోజు మాట్లాడలేదు, ఆ మాట రాయకుండా ఉండలేను.

ఇంటర్ విజయవాడలో ఒక హాస్టల్ కాలేజీలో చదివాను. 'వచ్చిన్రు, పోయిన్రు' అంటే చాలు, గదిలో అందరూ తిరిగి చూసి నవ్వేవాళ్లు, ఒక లెక్చరర్ అయితే నన్ను లేపి నిలబెట్టి మళ్లీ చెప్పించుకునేవాడు. రెండేళ్లు నోరు మూసుకుని బతికాను. సెమినార్ గదిలో నిలబడ్డప్పుడు నా ఒంటికి ఆ హాస్టలే గుర్తొచ్చింది, చెవులు అలాగే వేడెక్కాయి. కాళోజీ పుట్టిన సెప్టెంబరు 9ని తెలంగాణ భాషా దినోత్సవంగా జరుపుకుంటున్నాం, 'రెండున్నర జిల్లాల భాష'ను అందరి నెత్తినా పెట్టారని మా పెద్దవాళ్లు ఎన్నేళ్లు కొట్లాడారో తెలుసు, అంతా తెలిసి కూడా పదహారేళ్ల వయసులో నేను కొట్లాడలేదు. ఈసారి కొట్లాడదామనుకున్నాను.

ముందు ఆఫీసుకు వెళ్లాను. అక్కడి ఆవిడ భాష సరిచేసే ప్రైవేటు వాళ్ల లిస్టు చేతిలో పెట్టింది. పేజీకి ఇంత అని తీసుకుని థీసిస్ మొత్తం 'పోర్చుగల్ పోర్చుగీసు'లోకి మార్చి సర్టిఫికెట్ ఇస్తారట. నా రెండు నెలల గది అద్దె అవుతుంది. అంత డబ్బు నా దగ్గర లేదు, ఉన్నా ఇవ్వను. "ఏ రూల్ ప్రకారం?" అని అడిగాను. నవ్వింది. ఇంటికొచ్చి ఫ్యాకల్టీ నియమావళి మొదటి పేజీ నుంచి చదివాను. అందులో థీసిస్ 'పోర్చుగీసు భాషలో' ఉండాలని మాత్రమే ఉంది. ఏ దేశం పోర్చుగీసో ఎక్కడా లేదు. అదే మెయిల్ రాసి, అడ్మిషన్‌కు నా బ్రెజిల్ సర్టిఫికెట్ మీరే తీసుకున్నారు కదా, అప్పుడు పోర్చుగీసు అయినది ఇప్పుడు ఎందుకు కాలేదు, రాతపూర్వకంగా చెప్పండి అని అడిగాను. జవాబు రావడానికి చాలా కాలం పట్టింది. మీరెవరైనా ఇలాంటి దాంట్లో పడితే నోటితో వాదించకండి, రాతలో అడగండి, నోటి మాట రేపు ఎవరికీ గుర్తుండదు.

ఆ జవాబు వచ్చేలోపు నేను చదివినవి నన్ను నిలబెట్టాయి. బ్రెజిల్‌లో కంపినాస్ యూనివర్సిటీ వాళ్లు టీకో బ్రాహే అని పాత పోర్చుగీసు గ్రంథాల కార్పస్ (భాషా పరిశోధనకు పోగుచేసిన పాఠాల భాండారం) పెట్టారు, దాని ఆధారంగా వచ్చిన పరిశోధన తీసి చూస్తే విషయం స్పష్టంగా ఉంది. పదహారో శతాబ్దంలో 'అతను నాకు చెప్పాడు' లాంటి వాక్యంలో 'మె' క్రియకు ముందు రావడమే ఎక్కువ. క్రియ వెనక్కి జరగడం పోర్చుగల్‌లో తర్వాత బలపడింది, పద్దెనిమిది, పందొమ్మిది శతాబ్దాల్లో. అంటే వాస్కో డ గామా మనవల కాలం నాటి వాక్యక్రమమే బ్రెజిల్ వాళ్ల నోట వినిపిస్తుంటే, ఆ ఎర్ర పెన్ను దాన్ని తప్పు అంది. 'ఎస్క్రెవెందో' కూడా అంతే, అదే పాత రూపం, పోర్చుగల్‌లోనే దక్షిణాన అలెంతెజు, అల్గార్వ్ వైపు జనం ఇప్పటికీ అలాగే అంటారు. అలెంతెజులోని ఎవోరా వెళ్లినప్పుడు ఒక దుకాణంలో పెద్దావిడ నాతో అదే రూపంలో మాట్లాడితే ఆమెను పట్టుకుని ఏడవాలనిపించింది. ఇక 'రెసెప్సావ్' సంగతి: పోర్చుగీసు మాట్లాడే దేశాలు చేసుకున్న 1990 స్పెల్లింగ్ ఒప్పందంలోనే ఉచ్చారణ దేశానికో తీరుగా ఉన్న చోట రెండు స్పెల్లింగులూ చెల్లుతాయని ఉంది. బ్రెజిల్‌లో 'పి' పలుకుతారు కాబట్టి రాస్తారు, పోర్చుగల్‌లో పలకరు కాబట్టి తీసేశారు. ప్రొఫెసర్ కొట్టేసింది వాళ్ల ప్రభుత్వం సంతకం పెట్టిన కాగితాన్నే.

ఇంకొకటి నన్ను ఎక్కువ బాధపెట్టింది. గోవా రచయితలు పోర్చుగీసులో కొంకణి కలిపితే అది సాహిత్య సంపద అని ఆ ప్రొఫెసరే క్లాసులో చెప్పాడు. బతికి ఉన్న విద్యార్థి తన పోర్చుగీసులో రాస్తే మాత్రం తప్పు. పోర్చుగీసు తొమ్మిది దేశాల్లో అధికార భాష. పోర్చుగల్ జనాభా కోటి, బ్రెజిల్ జనాభా ఇరవై కోట్ల పైన. అంగోలా, మొజాంబిక్ పిల్లలు కూడా అదే గదుల్లో కూర్చుంటారు, వాళ్లకు పడే ఎర్ర గీతలు నాకంటే ఎక్కువ. భాషాశాస్త్రం చెప్పే చోట ఈ పని జరగడం నాకు ఇప్పటికీ మింగుడు పడటం లేదు.

చివరికి జవాబు వచ్చింది. రెండు పంక్తులు: ఏ దేశపు రూపం వాడినా అభ్యంతరం లేదు, మొదటి నుంచి చివరిదాకా ఒకటే ఉండాలి. అప్పుడు నా గైడ్ ముందుకొచ్చింది, ముందుమాటలో ఒక పేజీ రాయమంది: ఈ థీసిస్ బ్రెజిల్ పోర్చుగీసులో ఉంది, కారణం ఇది, ఉల్లేఖనలు మాత్రం మూలంలో ఉన్నట్టే. ఆ పేజీ నేను థీసిస్‌లో అన్నిటికంటే శ్రద్ధగా రాశాను.

వైవాలో బయటి యూనివర్సిటీ నుంచి వచ్చి ప్రశ్నలు వేసే ఆవిడను అర్గ్వెంత్ అంటారు. మొదటి ప్రశ్నే ఆ పేజీ మీద. నేను కార్పస్ సంగతి, ఒప్పందం సంగతి చెప్పాను, సర్వనామం ఎక్కడ పెట్టాలనే గొడవ మీదే బ్రెజిల్ కవి ఓస్వాల్డ్ జి ఆంద్రాదీ 1925లో కవిత రాసి వదిలిపెట్టిన సంగతి గుర్తుచేశాను. ఆవిడ తల ఊపి నేరుగా గోవాలోకి వెళ్లింది, మిగతా టైమంతా కొంకణి మాటల మీదే మాట్లాడుకున్నాం. రీసెర్చ్ చేసినందుకు రీసెర్చ్ గురించి ప్రశ్నలు రావడం నాకు అదే మొదటిసారి.

వెళ్లబోయేవాళ్లకు: పోర్చుగల్ థీసిస్‌లన్నీ ఆర్‌సీఏఏపీ అనే పోర్టల్‌లో ఉచితంగా వెతకొచ్చు, మీ టాపిక్ మీద ఎవరు రాశారో, వాళ్ల గైడ్ ఎవరో అక్కడే చూసి అప్పుడు మెయిల్ పెట్టండి. మెయిల్‌లో ప్రొఫెసర్లను 'వోసె' (మీరు) అనకండి, పోర్చుగల్‌లో అది వాళ్లకు గుచ్చుకుంటుంది, 'ఆ ప్రొఫెసోరా' (ప్రొఫెసర్ గారు) అని ప్రథమ పురుషలో రాయాలి. ఇది నాకు ఇష్టమే, మర్యాద ఇవ్వడం మనకు కొత్త కాదు. లిస్బన్‌లో కాంపో గ్రాందె దగ్గరి నేషనల్ లైబ్రరీలో రీడర్ కార్డు దిగిన వారంలోనే చేయించుకోండి. స్కాలర్‌షిప్‌కు పోర్చుగల్ సంస్థలు కమోయిన్స్ ఇన్‌స్టిట్యూట్, ఫుందసావ్ ఓరియెంతె రెండూ చూడండి, రెండోదానికి పంజిమ్ ఫొంతైన్యాస్‌లో ఆఫీసు ఉంది. భాష మార్చిపెట్టే ప్రైవేటు వాళ్లకు డబ్బు పోయకండి, ఒక పేజీ నమూనా రాసి గైడ్‌తో ముందే మెయిల్‌లో ఒప్పించుకోండి.

థీసిస్ అప్‌లోడ్ చేసేటప్పుడు ఫారంలో ఓపెన్ యాక్సెస్ అని టిక్ పెట్టాను. గోవాలో, హైదరాబాద్‌లో ఎవరికైనా కావాలంటే పూర్తిగా దొరుకుతుంది, ముందుమాటలో ఆ పేజీతో సహా.