ఊరెళ్ళని వాళ్ళ కనుమ భోజనం

ఈ సంక్రాంతికి మేం ఊరెళ్ళలేదు. రైలు టిక్కెట్లు దొరకలేదు, ప్రైవేటు బస్సువాడు చెప్పిన రేటు వినేసరికి మా ఆయనకు ఊరి మీద బెంగే తీరిపోయింది. పండగకి హైదరాబాద్ ఎలా ఉంటుందో తెలిసిందే కదా, మా అపార్ట్‌మెంట్ సగం తాళాలే. మిగిలినవాళ్ళం కనుమ నాడు మా ఇంట్లో కలిసి తిందాం అని వాట్సాప్‌లో నేనే తొందరపడ్డాను. పదిహేనుమంది తేలారు.

ఎవరేం తినరో రాసుకుంటే అసలు టెన్షన్ మొదలైంది. అత్తయ్య ఉల్లి, వెల్లుల్లి మానేసి పదేళ్ళయింది. ఎదురింటి ఆంటీ వాళ్ళు జైనులు, దుంపలు, పచ్చి అల్లం కూడా తినరు. అన్నయ్య కూతురు వీగన్, పాలూ పెరుగూ నెయ్యీ ముట్టదు. ("మరి ఏం తిని బతుకుతుందే?" అని అత్తయ్య.) కింది ఫ్లాట్ బాబుకి సీలియాక్, గోధుమ రవ్వంత కూడా తగలకూడదు. బాబాయికి షుగర్. నా ఆఫీసు స్నేహితురాలు హలాల్ మాంసమే తింటుంది. ఇక నాటుకోడి లేకపోతే కనుమేంటి అనే బ్యాచ్ ఆరుగురు. నేను అనుకున్న బడ్జెట్ నాలుగు వేలు.

మొదట ఒక్కొక్కరికి ఒక్కో వంట రాశాను. పన్నెండు రకాలయ్యాయి. ఆ కాగితం చూసి అత్తయ్య, "అందరూ తినేది ముందు వండమ్మా, తేడా అంతా పోపులోనే కదా" అన్నారు.

ఆలోచిస్తే నిజమే. ఉల్లి, వెల్లుల్లి, ఇంగువ, నెయ్యి అన్నీ పోపు దగ్గరే పడతాయి. దోసకాయ పప్పు ఒకే కుక్కర్లో పసుపు, ఉప్పుతో ఉడికించి, మూడు గిన్నెల్లోకి తీసి, మూడు పోపులు పెట్టాను. వెల్లుల్లీ నెయ్యీ ఒకదానికి, నూనెలో ఆవాలు, జీలకర్ర, ఎండుమిర్చి మాత్రమే ఇంకోదానికి, ఇంగువది మూడోదానికి. గరిటెలు మారిపోకుండా కాపలా కాసే పని అత్తయ్యదే.

కనుమ నాడు మినుము తినాలంటారు కాబట్టి గారెలు ఎలాగూ తప్పవు. నిజానికి ఆ రోజు నన్ను కాపాడినవి అవే. మామూలుగా నేను ఉల్లి, అల్లం, పచ్చిమిర్చి వేస్తాను. ఈసారి మిరియాలు కచ్చాపచ్చాగా దంచి, జీలకర్ర, కరివేపాకు, ఉప్పు, అంతే. కిలోన్నర పొట్టు మినప్పప్పు నాలుగు గంటలు నానబెట్టి, పొట్టు కడిగి, నీళ్ళు చిలకరిస్తూ గట్టిగా రుబ్బాను. పిండి ఉండ నీళ్ళ గ్లాసులో వేస్తే తేలాలి. మొదటిసారి మునిగింది. ఇంకో ఐదు నిమిషాలు చేత్తో గిలక్కొడితే తేలింది. కొత్త నూనెలో ముందు గారెలే వేయించాను, మైదా తగిలిన నూనెలో వేస్తే ఆ బాబుకి పనికిరావు. వంద దాకా వచ్చాయి. నాకు తెలిసి అందరూ తిన్నది అదొక్కటే.

పులిహోర దగ్గర మాత్రం దెబ్బతిన్నాను. ముందురోజు రాత్రే చింతపండు పులుసు ఇంగువతో ఉడకబెట్టి, పొద్దున్నే అన్నంలో కలిపేశాను. పదింటికి ఎందుకో ఇంగువ డబ్బా తిప్పి చూస్తే, కలిపిన పదార్థాల్లో గోధుమ పిండి! పొడి ఇంగువలో పిండి కలుపుతారని విన్నాను గానీ నా డబ్బాలో చూసుకోవాలని తట్టలేదు. బేసినెడు పులిహోర ఆ బాబుకి పనికిరాకుండా పోయింది. పప్పు మూడు గిన్నెలుగా తీసి ఉండటం వల్ల బతికిపోయాను. వాళ్ళమ్మకి విషయం చెప్పి, పులిహోర బేసిన్ టేబుల్‌కి అవతలి చివర పెట్టించాను.

నాటుకోడి మా వంటింట్లో వండితే ఎదురింటి ఆంటీ లోపలికే రారు. అందుకే కింది ఫ్లాట్లో వండి, అక్కడే వడ్డించాం. కోళ్ళు హలాల్ షాపులో తెచ్చాం, అలా ఒక్క కూరతో అందరికీ సరిపోయింది. సగం బ్రాయిలర్ కలుపు, ఖర్చు తగ్గుతుందని మా ఆయన సలహా. గారెలు నంచుకునే పులుసులో బ్రాయిలరా! నేను ఒప్పుకోలేదు. బదులుగా గసాలు, కొబ్బరి నూరి పులుసు పెంచాను.

కూరగాయలు రైతుబజార్లో తెచ్చాను. జనవరిలో చిక్కుడు, గుమ్మడి, సొరకాయ చవక. చిలగడదుంప లేకుండా దప్పళం పెట్టాను, ఎవరూ అడగలేదు. తీపికి కొబ్బరిపాల పరమాన్నం. బెల్లం వేడి మీద వేస్తే పాలు విరుగుతాయేమోనని, అన్నం మెత్తగా ఉడికాక దించి, కాస్త చల్లారాక బెల్లం పాకం వడకట్టి కలిపాను. బాబాయికి విడిగా అరకిలో కొర్రలు వండాను. ఆయన కొర్రన్నం బుద్ధిగా తిని, పరమాన్నం మాత్రం రెండుసార్లు వేయించుకున్నారు. "బెల్లమేగా, చక్కెర కాదుగా" అని వాదన. పిన్ని గిన్నె లాక్కుంది.

మొత్తం 4,260 అయింది. అందులో కోళ్ళకే 1,500.

సాయంత్రానికి తొమ్మిది గారెలు మిగిలాయి. పెరుగులో వేద్దామని గిన్నె తీశాను. "అత్తా, ఆగు" అంటూ అన్నయ్య కూతురు నాలుగు డబ్బాలో సర్దుకుంది. మిగిలిన ఐదే పెరుగులో పడ్డాయి.