పాపాఘ్ని ఇసుకలో 22 అడుగులు

పెదనాయన ట్రంకు పెట్టెలో ఉన్న తాడును గండికి తీసుకుపోతానంటే పెద్దమ్మ మొదట ఏమీ అనలేదు. పూజ సామాను సర్దడం అయిపోయాక మాత్రం, "దాన్ని గుళ్లో పెట్టొద్దు పాపా, ఏట్లో పరుచు" అంది.

పెదనాయన 2023 కార్తీకంలో పోయాడు. సంవత్సరీకం అయ్యేదాకా ఏ గుడి గడపా తొక్కేది లేదని పెద్దమ్మ పట్టుబట్టడంతో ఒక శ్రావణం అట్లాగే వెళ్లిపోయింది. మళ్లీ శ్రావణం వచ్చాక, రెండో శనివారం తెల్లవారుజామున నాలుగున్నరకు వేంపల్లెలో ఇంటికి తాళం వేసి బయలుదేరాం. పెద్దమ్మ, మా అన్న, వదిన, ఎనిమిదో తరగతి చదివే వాళ్ల కూతురు, నేను. చెప్పులు ఇంట్లోనే వదిలేశాం. సంచిలో ఆకుపూజకు తమలపాకులు, టెంకాయలు, వాటి అడుగున ఆ తాడు.

పాలకొండలను చీల్చుకుని పాపాఘ్ని ఇవతలికి వచ్చే చోటే గండి. అటూ ఇటూ కొండలు, నడుమ ఏరు, ఏటి ఒడ్డున వీరాంజనేయస్వామి. శ్రావణ శనివారాల్లో వేంపల్లె నుంచి బస్సులు, ఆటోలు తెరిపి లేకుండా తిరుగుతాయి. మా ఇంట్లో వాళ్లం మాత్రం నడిచే వెళ్తాం. అది మా అవ్వ మొక్కు.

1971 డిసెంబరు నాటి మాట. పెదనాయనకు అప్పుడు 21 ఏళ్లు. కడప ఆర్ట్స్ కాలేజీలో డిగ్రీ రెండో ఏడాది చదువుతూ, ఇంట్లో జరుగుబాటు కష్టమైతే చదువు ఆపేసి నేవీలో చేరాడు. లోనావాలాలో ఐఎన్‌ఎస్ శివాజీ అనే నేవీ శిక్షణ కేంద్రంలో ఇంజిన్ పని నేర్చుకుని ఓడ ఎక్కాడు. ఏ ఓడో అవ్వకు తెలియదు. ఆమెకు చదువు రాదు. పాకిస్తాన్‌తో యుద్ధం మొదలైంది. అప్పటికే నెల దాటినా కొడుకు దగ్గర నుంచి ఉత్తరం లేదు. డిసెంబరు 9 రాత్రి డయ్యూకు అవతల ఐఎన్‌ఎస్ ఖుక్రీ మునిగిపోయింది. 18 మంది అధికారులు, 176 మంది నావికులు పోయారు. కెప్టెన్ మహేంద్రనాథ్ ముల్లా ఓడను విడవకుండా దానితోపాటే సముద్రంలో కలిసిపోయాడు. ఇవన్నీ నేను పెద్దయ్యాక చదువుకున్నవి. ఆ రోజుల్లో మా ఊరికి చేరింది ఒకటే మాట, మన ఓడ మునిగిందంట అని.

ఆ పూట అవ్వ పొయ్యి ముట్టించలేదు. తెల్లారకముందే తలమీద నీళ్లు పోసుకుని, తడి కోకతో వేంపల్లె నుంచి గండికి ఒక్కతే నడిచిపోయింది. "నా బిడ్డను గట్టున పడెయ్యి సామీ, కాళ్లాడినన్నాళ్లు శ్రావణంలో నడిచొస్తా" అని మొక్కుకుంది. సంక్రాంతి ముందర ఉత్తరం వచ్చింది. పెదనాయన ఉన్నది ఖుక్రీలో కాదు, అటువైపు బంగాళాఖాతంలో, విమానాలు మోసే ఓడ విక్రాంత్‌లో.

అవ్వ పోయిన తర్వాత ఆ మొక్కును పెదనాయన తన మీద వేసుకున్నాడు. నీకోసం మొక్కిన మొక్కు నువ్వే తీర్చేదేందని ఎవరో అడిగితే, "అమ్మ బాకీ కొడుకు కట్టడా?" అన్నాడు. పదిహేనేళ్ల సర్వీసు ముగించుకుని వచ్చి, కడపలో ఒక బ్యాంకులో గన్‌మన్‌గా చేసినన్నాళ్లూ, రిటైరైన తర్వాతా, ఒక్క శ్రావణం కూడా తప్పలేదు.

దారి పొడుగునా ఆయన నడక గుర్తొచ్చింది. మోకాళ్లు నొచ్చేవి గానీ నడుం వంగేది కాదు. నేను పక్కన పరిగెత్తినట్టు నడిచేదాన్ని. యుద్ధం గురించి చెప్పమంటే ఆయన దగ్గర పెద్ద కథలేమీ ఉండేవి కావు. "సముద్రంలో ఉన్నాం గానీ సముద్రం చూసిందెవరు పాపా" అనేవాడు. ఆయన ఉండేది ఓడ కడుపులో, బాయిలర్ల దగ్గర. విక్రాంత్‌కు నాలుగు బాయిలర్లు. యుద్ధ సమయానికి ఒకదానికి బీటలు, పనికి రాదు. మిగిలిన మూడింటితోనే ఓడ నడవాలి. ఓడ వేగం తగ్గితే విమానం లేవడం కష్టం. పైగా డెక్కు మీద నుంచి విమానాన్ని విసిరే కాటపుల్ట్ నడిచేది కూడా ఆవిరితోనే. డిసెంబరు 4న సీ హాక్ విమానాలు తూర్పు పాకిస్తాన్‌లోని కాక్స్ బజార్ మీదికి, చిట్టగాంగ్ మీదికి లేచినప్పుడు వీళ్లకు కిందికి తెలిసింది ఆ దబ్బుమనే చప్పుడు ఒక్కటే.

"ఒక్కో చప్పుడుకు ఒక్కో విమానం ఎగిరిందని లెక్క. మేం కిందుండి వేళ్లు మడుచుకునేవాళ్లం. అవి దిగిన చప్పుడు కూడా లెక్క సరిపోవాల."

ఇంతకు మించి ఎప్పుడూ చెప్పలేదు. ఉప్పు నీళ్లలా కారే చెమట, గొంతులో ఆవిరి వాసన, ఆ లెక్క. నాకు మాత్రం అదే పెద్ద కథ.

2014లో విక్రాంత్‌ను తుక్కుకు అమ్మేశారని పేపర్లో చదివి రెండు రోజులు ఎవరితోనూ సరిగా మాట్లాడలేదు. ఆ తర్వాత రెండేళ్లకు ఆ ఓడ లోహం కలిపి బజాజ్ కంపెనీ 'వి' అనే బైకు తెచ్చింది. మా వీధిలో ఒక పిల్లోడు కొన్నాడు. పెదనాయన ఆ బైకు దగ్గరికి పోయి, జ్వరం వచ్చిన బిడ్డ నుదురు చూసినట్టు పెట్రోలు ట్యాంకు మీద అరచెయ్యి ఆనించి, కాసేపు అట్లాగే ఉంచాడు. "సల్లగుంది" అన్నాడు. నేను పక్కనే ఉన్నాను. ఆ ఇనుమును ఆయన ఎప్పుడూ చల్లగా చూసి ఉండడు.

ఇడుపులపాయ ట్రిపుల్ ఐటీ పిల్లలు కొందరు మమ్మల్ని దాటుకుని నవ్వుకుంటూ పోయారు. చీనీ తోటల మీద వెలుగు పడింది. వదిన తెచ్చిన మజ్జిగ తాగి మళ్లీ నడిచాం.

తాడు సంగతి చెప్పాలి. నేవీకి ముందు పెదనాయన లాంగ్ జంపర్. కాలేజీలో ఆయన దూకిన దూరం 22 అడుగులు. గ్రౌండులో నేర్చుకున్నదానికన్నా ఏట్లో నేర్చుకున్నదే ఎక్కువ అనేవాడు. సెలవులకు ఇంటికొస్తే పొద్దున్నే వట్టి కాళ్లతో పాపాఘ్ని ఇసుకలో పరుగు, అందులోనే దూకుడు. 1968 అక్టోబరులో మెక్సికో ఒలింపిక్స్‌లో బాబ్ బీమన్ 8.90 మీటర్లు దూకాడన్న వార్త కాలేజీలో చదివాడు. మన లెక్కలో 29 అడుగుల రెండున్నర అంగుళాలు. అచ్చు తప్పేమో అనుకున్నాడట. ఆ సెలవులకు బావి చేంతాడు విప్పుకుని ఏట్లోకి పోయి, 29 అడుగులు కొలిచి, ఆ చివరొక రాయి ఈ చివరొక రాయి పెట్టి, మసక చీకటి పడేదాకా చూస్తూ కూర్చున్నాడు. మనిషి ఇంత దూరం ఎగరగలడా అని.

తర్వాత లీవుకు వచ్చినప్పుడు ఓడ మీదిదే ఒక పాత తాడు ముక్క తెచ్చుకున్నాడు. 30 అడుగులు ఉంటుంది. 22 అడుగుల దగ్గర నల్లదారం చుట్టాడు, అది తనది. బీమన్‌ది 29 దాటాక. 1974లో టెహ్రాన్ ఆసియా క్రీడల్లో టి.సి. యోహానన్ 8.07 మీటర్లు దూకి బంగారు పతకం తెస్తే ఇరవై ఆరున్నర అడుగుల దగ్గర ఒకటి. 1991లో మైక్ పావెల్ 8.95 దూకినప్పుడు బీమన్ దారానికి మూడు వేళ్ల అవతల ఇంకొకటి. ఆ రోజు బ్యాంకు నుంచి వచ్చి, డ్రెస్సు కూడా మార్చకుండా తాడు తీసి కూర్చోవడం నాకు లీలగా గుర్తుంది.

కానీ ఆ తాడు మీద నాకు ఇష్టమైన దారం వేరే ఉంది. 2003లో పారిస్ ప్రపంచ పోటీల్లో అంజూ బాబీ జార్జ్ కాంస్యం గెలిచింది. అథ్లెటిక్స్ ప్రపంచ పోటీల్లో మన దేశానికి అదే మొదటి పతకం. ఆమె దూకింది 6.70 మీటర్లు. పెదనాయన పెన్సిలు తీసుకుని అడుగుల్లోకి మార్చాడు. ఒకసారి కాదు, మూడుసార్లు. 22 అడుగులకు వెంట్రుకవాసి తక్కువ. నన్ను పిలిచి, "నేను పడిన చోటే పడింది పాపా ఆ పిల్ల!" అన్నాడు. గొంతు పూడుకుపోయింది. పసుపు రాసిన దారం అడిగి తీసుకుని, తన నల్లదారానికి ఆనించి చుట్టాడు. తన దూరం చిన్నదైపోయిందన్న బాధ ఆ ముఖంలో నేను వెతికినా కనపడలేదు. అప్పటిదాకా ఏట్లో బడి మగపిల్లలకే దూకడం నేర్పేవాడు, మరుసటి వారం నుంచి ఆడపిల్లలను కూడా రమ్మన్నాడు. ఇళ్లల్లో పెద్దవాళ్లు గొణిగితే తాను పోయి మాట్లాడేవాడు.

గండి చేరేసరికి క్యూ పెద్దగానే ఉంది గానీ దర్శనం బాగా జరిగింది. పెద్దమ్మ ఆకుపూజ చేయించింది, అందరికీ ఎర్రదారాలు కట్టించింది. చిన్నప్పుడు పెదనాయన నన్ను ఎత్తుకుని స్వామిని చూపిస్తూ చెప్పిన కథ క్యూలో మా అన్న కూతురికి చెప్పాను. ఇక్కడ తపస్సు చేస్తున్న వాయుదేవుడు రాముణ్ని ఆతిథ్యానికి పిలిచాడు. లంక నుంచి తిరిగి వచ్చేటప్పుడు వస్తానన్నాడు రాముడు. వాయుదేవుడు ఈ కొండకూ ఆ కొండకూ బంగారు తోరణం కట్టి ఎదురుచూశాడు. వచ్చిన రాముడు బాణం మొనతో బండ మీద హనుమంతుణ్ని గీశాడు. పొద్దు మించిపోయి లేచేసరికి ఎడమచేతి చిటికెనవేలు మిగిలిపోయింది. తర్వాతెప్పుడో ఆ వేలు చెక్కబోతే నెత్తురు వచ్చిందంటారు. "సముద్రం దూకినాయనకే ఒక వేలు తక్కువ, మనకు డిగ్రీ తక్కువైతే ఏమైందిలే" అనేవాడు పెదనాయన.

ఆ బంగారు తోరణం ఇప్పటికీ ఉందనీ, అందరికీ కనపడదనీ, కనపడిన వాళ్లకు కాలం దగ్గర పడినట్టేననీ మా వైపు నమ్మకం. దత్తమండలాల కలెక్టరుగా చేసి మద్రాసు గవర్నరైన సర్ థామస్ మన్రో ఈ దారిన వస్తూ దాన్ని చూశాడని చెప్పుకుంటారు. ఆయన 1827 జూలై 6న పత్తికొండలో కలరాతో చనిపోయాడు.

మధ్యాహ్నం ఏట్లోకి దిగాం. నీళ్లు ఒక పాయగా, పారీ పారనట్టు ఉన్నాయి. నా చిన్నప్పుడు ఇక్కడ మడమ లోతు ఇసుక. ఇప్పుడు చాలాచోట్ల గుండ్లు తేలాయి, ఇసుక తోడిన గుంతల్లో సర్కారు తుమ్మ మొలిచింది. చూస్తే కడుపు మండింది. ఒక తరం పిల్లలు దూకడం నేర్చుకున్న ఇసుక ఇది. వెతగ్గా వెతగ్గా కొండ నీడలో నాలుగు మూరల వెడల్పున మెత్తటి పట్టె ఒకటి దొరికింది. అన్న ఒక కొన పట్టుకున్నాడు, నేనొకటి. తాడు పరిచాం. ఎండకు నల్లదారం, పసుపుదారం రంగు వెలిసి ఇంచుమించు ఒకటిగానే కనిపిస్తున్నాయి.

పెద్దమ్మ బండ మీద కూర్చుని పైకి చూస్తోంది.

"ఆయన పోయిన ఆ ఏడు అధిక శ్రావణం కూడా వచ్చె. నిజ శ్రావణం కడాకరి శనివారం ఈడనే నిలబడినాడు మీ పెదనాయన. తలెత్తి రెండు కొండల మధ్య చూస్తాండాడు. ఎంతసేపటికీ కదలడు. నాకు గుండెకాయ జారిపోయింది. తోరణం గానీ కనపడిందేమోనని."

మేం తాడు వదిలేసి ఆమె దగ్గరికి వచ్చాం.

"దగ్గరికి పోయి భుజం పట్టుకుని అడిగితి, ఏం చూస్తాండావని. ఈ కొండ మీద నుంచి ఆ కొండ మీదికి ఎన్నడుగులుంటాదా అని లెక్క పెడతాండా అన్నాడు."

పెద్దమ్మ నవ్వింది. నవ్వుతూనే కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆ శ్రావణంలో ఆయన నన్ను కూడా రమ్మని రెండుసార్లు ఫోన్ చేశాడు. అనంతపురంలో బడి, పరీక్షలు, వచ్చే ఏడు వస్తాలే పెదనాయనా అన్నాను. పెద్దమ్మ పక్కన కూర్చుని ఆ రెండు కొండల మధ్య నేనూ చూశాను. ఎండ, పైన తిరిగే రెండు గద్దలు.

మేం లేచేసరికి పిల్ల పరికిణీ ఎగదోపుకుని చాలా వెనక్కి పోయి నిలబడింది. గీత మీద అన్న కాలు పెట్టి చూపించాడు. పరిగెత్తింది. తాత నేర్పినట్టే ఆఖరి రెండు అడుగుల్లో నడుం నిటారుగా వచ్చింది. గాల్లో మోకాళ్లు బాగా లేచాయి. పడినప్పుడు మాత్రం వెనక్కి ఒరిగి అరచేతులు ఇసుకలో ఆనాయి.

మడమల గుర్తు 12 అడుగులు దాటి ఉంది. చేతుల గుర్తు దానికి జానెడు ఇవతల.

"మడమల కాడ కొలువు అత్తా!" అంది.

"తాత ఎక్కడ కొలిచేవాడు?"

పిల్ల ఇసుక దులుపుకుంటూ తల వంచుకుని, తనే తాడును అరచేతి గుర్తు మీదికి జరిపింది. పెద్దమ్మ తన ముంజేతికి పొద్దున కట్టించుకున్న ఎర్రదారం పళ్లతో విప్పి, తాడు మీద అక్కడ చుట్టసాగింది. ముడి పూర్తి కాకముందే పిల్ల మళ్లీ వెనక్కి నడుస్తోంది, అడుగులు లెక్కపెట్టుకుంటూ.