పాయింట్లు నావే, పేరే కలవలేదు

టికెట్లు చేతికొచ్చి ఇంకా ఒక పూట కూడా కాలేదు. కోపం చల్లారకముందే రాసేస్తున్నాను. క్రెడిట్ కార్డు పాయింట్లను విమాన కంపెనీ మైల్స్‌గా (టికెట్లు కొనుక్కోవడానికి పనికొచ్చే ఆ కంపెనీ సొంత పాయింట్లుగా) మార్చి, వాటితో విదేశీ ప్రయాణానికి బిజినెస్ క్లాస్ సీట్లు రెండు బుక్ చేశాను. ఒకటి నాకు, ఒకటి అమ్మకు. అమ్మకు మోకాళ్ల నొప్పులు. రాత్రంతా కాళ్లు ముడుచుకుని కూర్చోవడం ఆవిడ వల్ల కాదు. పడుకునే సీటు డబ్బు పెట్టి కొనడం నా వల్ల కాదు. పాయింట్లు మాత్రం బాగానే పోగయ్యాయి. అందుకే ఈ తిప్పలన్నీ పడ్డాను.

పాయింట్లు పోగవడంలో చెప్పుకోవాల్సిందేమీ లేదు. ఎలాగూ పెట్టాల్సిన ఖర్చులే కార్డు మీద పెట్టి, గడువులోపు బిల్లు మొత్తం కట్టేస్తూ వచ్చాను. బిల్లు మిగిల్చి వడ్డీ కడుతూ పాయింట్ల కోసం చూసేవాళ్లు ఆ పని మానేయడం మంచిది. ఆ వడ్డీ ముందు ఏ బిజినెస్ క్లాసూ నిలవదు. విమాన కంపెనీలో సభ్యత్వం తీసుకోవడం కూడా తేలికే. ఆన్‌లైన్లో పాస్‌పోర్టులో ఉన్నట్టు పేరు ఇచ్చాను, నంబరు వచ్చింది. "పాస్‌పోర్టులో ఉన్నట్టు" అన్నమాట గుర్తుపెట్టుకోండి, కథంతా దాని చుట్టూనే తిరుగుతుంది.

సీటు వెతకడం మాత్రం నిజంగా ఒక విద్య. అది నాకు బాగానే పట్టుబడిందని గర్వంగా చెప్పుకుంటాను. విమానంలో ఖాళీగా ఉన్న సీటు వేరు, మైల్స్‌కి ఇచ్చే సీటు వేరు. సగం విమానం ఖాళీగా ఉన్నా మైల్స్ కింద ఎన్ని వదలాలో కంపెనీ ఇష్టం. సొంత సభ్యులకు కొన్ని వదులుతారు, భాగస్వామి కంపెనీల సభ్యులకు ఇంకా తక్కువ. సింగపూర్ ఎయిర్‌లైన్స్ దూరప్రయాణాల బిజినెస్ సీట్లను చాలావరకు తన మైల్స్ ప్రోగ్రామ్ క్రిస్‌ఫ్లయర్ సభ్యులకే అట్టిపెట్టుకుంటుంది. కాబట్టి ఫలానా విమానం ఎక్కాలని ముందే మనసు పెట్టేసుకుంటే కుదరదు. తేదీ, దారి, కంపెనీ, ఈ మూడింటిలో కనీసం రెండిటి విషయంలో పట్టు సడలించాలి.

మా దారిలో నడిచే కంపెనీ నా బ్యాంకు ఇచ్చిన ట్రాన్స్‌ఫర్ జాబితాలో, అంటే పాయింట్లు పంపుకోగల కంపెనీల జాబితాలో, అసలు లేదు. చాలామంది ఇక్కడే ఆగిపోతారు. ఆగక్కర్లేదు, ఆ కంపెనీ ఏ కూటమిలో ఉందో చూడండి. కూటమి అంటే ఒకరి మైల్స్‌తో ఇంకొకరి విమానం ఎక్కనిచ్చే కంపెనీల గుంపు. 1997లో మొదలైన స్టార్ అలయన్స్, 1999లో వచ్చిన వన్‌వరల్డ్, 2000లో వచ్చిన స్కైటీమ్, పెద్ద కంపెనీలు చాలావరకు ఈ మూడింటిలో ఏదో ఒకదాంట్లో ఉంటాయి. లుఫ్తాన్సా విమానం ఎక్కడానికి లుఫ్తాన్సా మైల్సే ఉండాలని లేదు. రెండూ స్టార్ అలయన్సే కాబట్టి ఎయిర్ కెనడా వాళ్ల ఏరోప్లాన్ పాయింట్లతోనూ ఎక్కొచ్చు. అలా వెతికితే మా దారికి సరిపోయే కూటమి కంపెనీ ఒకటి నా జాబితాలోనే దొరికింది.

ఒకే సీటుకు ఒక్కో ప్రోగ్రామ్ ఒక్కో ధర చెబుతుంది. మైల్స్ ఒక్కటే చూసి సంబరపడొద్దు, పక్కన కట్టాల్సిన డబ్బు కూడా చూడండి. కొందరు మైల్స్ తక్కువ అడిగి, ఇంధనం సర్‌చార్జి పేరుతో మిగతాది వసూలు చేస్తారు. బ్రిటిష్ ఎయిర్‌వేస్ సొంత విమానాల్లో ఏవియోస్ (వాళ్ల మైల్స్ పేరు అది) వాడితే దూరప్రయాణాలకు ఆ మొత్తం గట్టిగానే ఉంటుంది. ఏరోప్లాన్ మాత్రం 2020 నవంబరులో నియమాలు మార్చినప్పటి నుంచి ఆ సర్‌చార్జి వేయడం లేదు. నేను చివరి పేజీ దాకా వెళ్లి, పన్నులతో సహా మొత్తం ఎంతో చూశాకే లెక్క వేసేదాన్ని. వెబ్‌సైట్లో కనిపించే సీటంతా నిజం కాదు కాబట్టి, అదే కూటమిలోని ఇంకో కంపెనీ సైట్‌లో కూడా వెతికి, రెండు చోట్లా కనిపిస్తేనే నమ్మేదాన్ని. ఇలా అన్నీ చూసుకుని, మేం అనుకున్న తేదీకి ఒకే విమానంలో పక్కపక్కన రెండు సీట్లు వెతికి పట్టాను, మైల్స్ రాగానే బుక్ చేయడమే మిగిలింది. అంతవరకు నా పని నిక్కచ్చిగా ఉంది.

ఇక ట్రాన్స్‌ఫర్. బ్యాంకు సైట్‌లో సభ్యత్వ నంబరు కొట్టి, ఎన్ని పాయింట్లో వేసి, ఓటీపీ ఇస్తే అయిపోయింది. పంపినవి వెనక్కి రావని అక్కడే రాసి ఉంటుంది, నిజమే కూడా. బ్యాంకు మన పాయింట్లకు బదులు విమాన కంపెనీ దగ్గర మైల్స్ కొని మన ఖాతాలో వేయిస్తుంది. ఒకసారి వేశాక అవి కంపెనీ సొత్తు, దాని నియమాలే వర్తిస్తాయి. కొన్ని ట్రాన్స్‌ఫర్లు నిమిషాల్లో పడతాయి, కొన్నిటికి రోజులు పడుతుంది. నా పాయింట్లు బ్యాంకు ఖాతాలో వెంటనే తగ్గిపోయాయి. విమాన కంపెనీ ఖాతాలో సున్నా అలాగే ఉండిపోయింది.

చెప్పిన గడువు దాటింది. బ్యాంకుకు ఫోన్ చేస్తే, "మా వైపు నుంచి వెళ్లిపోయాయి మేడమ్, సక్సెస్ అని చూపిస్తోంది" అన్నారు. విమాన కంపెనీకి చేస్తే, "మా వైపు ఏమీ రాలేదు మేడమ్, మీ బ్యాంకును అడగండి" అన్నారు. మళ్లీ బ్యాంకు, మళ్లీ కంపెనీ. ప్రతిసారీ కొత్త మనిషి, ప్రతిసారీ కథ మొదటి నుంచి. ఆ సీట్లు ఉన్నాయో పోయాయో అని గంటగంటకీ సైట్ తెరిచి చూసుకునేదాన్ని. అమ్మ పక్కనే కూర్చుని "ఏమైందే, వచ్చాయా?" అని అడుగుతుంటే ఏం చెప్పాలో తెలిసేది కాదు.

అసలు దెబ్బ విమాన కంపెనీ సూపర్‌వైజర్ దగ్గర తగిలింది. సభ్యత్వ నంబరు, పుట్టిన తేదీ, ఈమెయిల్ అన్నీ చెప్పాను. కాసేపు టైప్ చేసి, "ఈ ఖాతా నిజంగా మీదేనా?" అని అడిగాడు. నాదేనన్నాను. "మరి పాయింట్లు ఎవరివి? ఎవరి దగ్గరైనా కొన్నారా?" అన్నాడు. ఇన్నేళ్లుగా ఒక్క బిల్లు కూడా ఆలస్యం చేయకుండా కట్టుకుంటూ కూడబెట్టిన పాయింట్లు. ఫోన్ స్పీకర్‌లో ఉంది, అమ్మ వింటోంది. "మైల్స్ కొనడం, అమ్మడం నిబంధనలకు విరుద్ధం, అలాంటిదని తేలితే ఖాతా మూసేస్తాం" అని హెచ్చరిక కూడా చేశాడు. నా గొంతు వణికింది. దొంగసొత్తు గురించి అడిగినట్టు అడిగాడు.

నిబంధన ఎందుకుందో నాకు తెలుసు. మైల్స్ బయట అమ్ముకునేవాళ్లు ఉన్నారు, ఖాతాలు కొల్లగొట్టి ఇతరుల పాయింట్లు ఊడ్చేసేవాళ్లూ ఉన్నారు. పేరు సరిచూడటం మంచిదే. కానీ సరిచూడటం వేరు, నిందించడం వేరు. పేర్లు కలవడం లేదని చెబితే సరిపోయేదానికి మనిషి పరువు మీదకు పోవడం ఏం పద్ధతి? కస్టమర్ కేర్ అని పేరు పెట్టుకున్నవాళ్లకు ముందు నేర్పాల్సింది ఇది. అవతలి మనిషి అబద్ధం చెబుతోందని తేలేదాకా నిజమే చెబుతోందని అనుకోవాలి.

చిక్కుముడి ఎక్కడుందో చెప్పింది అదే కంపెనీలో ఇంకో అమ్మాయి. తను ఓపిగ్గా విని, "మేడమ్, ఎన్ని పాయింట్లు పంపారని బ్యాంకును అడగకండి. ఏ పేరుతో పంపారని అడగండి" అంది. అప్పటిదాకా ఏ వైపు నుంచీ ఎవరూ ఆ ముక్క చెప్పలేదు. ఆ అమ్మాయికి మనస్ఫూర్తిగా దండం పెట్టాను.

కార్డు తీసి చూశాను. పాస్‌పోర్టులో నా ఇంటిపేరు పూర్తిగా, దాని చోట అది ఉంది. పేరు దాని చోట అది ఉంది. నేను బ్యాంకుకు ఇచ్చిన కాగితాల్లోనూ అంతే. కార్డు మీద మాత్రం ఇంటిపేరును ఒక్క అక్షరానికి కుదించి, పేరు ముందు పెట్టి అచ్చు వేశారు. అక్షరాలు పట్టవని వాళ్లే తగ్గించుకున్నారు, నన్ను అడగలేదు. అచ్చుతో ఆగినా బాగుండేది. పాయింట్ల విభాగం వాడే ఫైల్‌లో కూడా ఆ పొట్టి పేరే ఉంది. ట్రాన్స్‌ఫర్ నొక్కినప్పుడు విమాన కంపెనీకి వెళ్లింది అదే. అక్కడి కంప్యూటర్ ఇంటిపేరు గడిలో ఒక్క అక్షరం చూసి, ఎవరో వేరే మనిషి అనుకుని తోసిపుచ్చింది. బ్యాంకు తెరమీద మాత్రం సక్సెస్. పంపడం సక్సెస్, చేరడం సంగతి వాళ్లకు పట్టదు.

ఇది ఫోన్లో తేలే వ్యవహారం కాదని అర్థమైంది. బ్యాంకు ఫిర్యాదుల విభాగానికి ఈమెయిల్ రాశాను. కోపమంతా పక్కన పెట్టి మూడే అడిగాను: ట్రాన్స్‌ఫర్ ఏ తేదీన పంపారు, ఏ పేరుతో పంపారు, అవతలి నుంచి తిరస్కరణ వచ్చిందా, వస్తే కారణం ఏమని ఉంది. పాస్‌పోర్టు పేజీ, కార్డు స్టేట్‌మెంట్, ట్రాన్స్‌ఫర్ రిఫరెన్స్ నంబరున్న స్క్రీన్‌షాట్ జతచేశాను. కార్డు నంబరులో చివరి నాలుగు అంకెలు తప్ప మిగతావి చెరిపేశాను, మీరూ అలాగే చేయండి. ముందు "మీ ఫిర్యాదు అందింది" అన్న అచ్చు జవాబు వచ్చింది. దానికి ఊరుకోకుండా, ఫలానా తేదీలోపు రాతపూర్వకంగా చెప్పకపోతే పై స్థాయికి వెళ్తానని అదే మెయిల్ కింద మళ్లీ రాశాను. అప్పుడు కదిలింది ఫైల్. తిరస్కరణ వాళ్ల దగ్గరికి మొదట్లోనే వచ్చి ఉందట, తెరిచి చూసిన నాథుడు లేడు. పేరు పూర్తిగా సరిచేసి మళ్లీ పంపారు. క్షమించమని ఒక వాక్యం రాశారు, అందులోనూ నా పేరు పొట్టిదే.

అందుకే గట్టిగా చెబుతున్నాను. పాయింట్లు మొత్తం ఒకేసారి పంపొద్దు. ముందుగా, సీటుతో తొందర లేనప్పుడే, బ్యాంకు అనుమతించే కనీస మొత్తం పంపి చూడండి. అది చేరిందంటే పేర్లు కలిశాయి, దారి తెరుచుకుంది. ఆ ప్రోగ్రామ్ మైల్స్‌కు గడువు ఎంతో మాత్రం చూసుకోండి. క్రిస్‌ఫ్లయర్‌లో మూడేళ్లు, ఒక్కోచోట ఒక్కో పద్ధతి. విమాన కంపెనీల మధ్య కూడా ఈ పేరు గొడవ ఉంటుంది. ఏవియోస్‌ను బ్రిటిష్ ఎయిర్‌వేస్ ఖాతా నుంచి ఖతార్ ఎయిర్‌వేస్ ఖాతాకు మార్చుకోవచ్చు, కానీ రెండు ఖాతాల వివరాలూ కలిస్తేనే. కస్టమర్ కేర్ చాట్‌లో వచ్చే జవాబులను నేను ఇక జన్మలో నమ్మను. అడిగిన ప్రతిసారీ "48 గంటలు వేచి ఉండండి" అనడం తప్ప ఆ చాట్ చేసిందేమీ లేదు.

మైల్స్ పడేసరికి మేం చూసిన సీట్లు పోయాయి. ఆ రోజు అన్నం సహించలేదు. మర్నాడు మళ్లీ కూర్చున్నాను. నేరుగా వెళ్లే విమానం వదిలేసి, మధ్యలో ఒకచోట మారే దారి పట్టి, తేదీ కొంచెం వెనక్కి జరిపితే అదే కూటమిలోని ఇంకో కంపెనీలో రెండు సీట్లు కనిపించాయి. బుక్ నొక్కితే సైట్ ఎర్రర్ ఇచ్చింది. ఆలస్యం చేయకుండా ఫోన్ చేశాను, సీట్లు నిజంగానే ఉన్నాయన్నారు. ఫోన్లో బుక్ చేస్తే అదనంగా ఫీజు అన్నారు. మీ సైట్ పనిచేయకపోతే నేనెందుకు కట్టాలని అడిగి, ఎర్రర్ వచ్చిన సమయం చెప్పాను. ఫీజు తీసేశారు. అడగడానికి మొహమాటపడితే అది కూడా పోయేది.

అమ్మకు విడిగా సభ్యత్వం అక్కర్లేకపోయింది, నా మైల్స్‌తోనే ఆవిడ టికెట్ తీసుకున్నాను. కొన్ని ప్రోగ్రాముల్లో ముందే పేర్లు నమోదు చేయాలి. క్రిస్‌ఫ్లయర్‌లో అయితే ఐదుగురి వరకు నమోదు చేసుకోవచ్చు. పేరు పాస్‌పోర్టు చూస్తూ అక్షరం అక్షరం చెప్పి, తిరిగి చదివించుకున్నాను.

బుకింగ్ నంబరు రాగానే పనైపోయిందనుకోకండి. 13 అంకెల టికెట్ నంబరు వచ్చిందా చూడండి, అది లేకపోతే సీటు ఉన్నట్టు కనిపించినా టికెట్ లేనట్టే. అందులో మొదటి మూడు అంకెలు టికెట్ ఇచ్చిన కంపెనీవి, అంటే మనం ఎవరి మైల్స్ వాడామో వాళ్లవి. విమానం నడిపే కంపెనీ దగ్గర వేరే బుకింగ్ నంబరు ఉంటుంది, అది అడిగి తీసుకోవాలి. సీటు ఎంచుకోవడం, వీల్‌చెయిర్ కోరడం వాళ్ల దగ్గరే చేశాను. అమ్మకు కిటికీ పక్క సీటు, ఎక్కేచోట, మారేచోట, దిగేచోట వీల్‌చెయిర్ ఖాయమైనట్టు మెయిల్ వచ్చింది.

బ్యాంకుకు ఈ ఉదయం ఇంకో ఉత్తరం రాశాను. పాయింట్లు పంపే పేజీలో "మీ పేరు ఇలా వెళ్తుంది" అని ఒక్క వరుస చూపించమని, తిరస్కరణ వస్తే అదే రోజు ఖాతాదారుకు మెసేజ్ పెట్టమని, నా కార్డు మీద నా ఇంటిపేరు పూర్తిగా అచ్చు వేసి ఇవ్వమని అడిగాను. జవాబు రాగానే ఇక్కడే రాస్తాను. అప్పటిదాకా మిగిలిన పాయింట్లు కదిలించను.