కెనడా మైదానానికి సరిపోయే కుర్రవాడు

కెనడా వృత్తి ఫుట్‌బాల్ జట్ల కోసం కళాశాల ఆటగాళ్లను వెతికే స్కౌట్‌లు, కుర్రవాడి ఎత్తు, బరువు, పరుగు చూడకముందే అతడు కెనడావాడా, అమెరికావాడా అని కనుక్కుంటారు. ఈ సంగతి ఒక్కటి అర్థమైతే వారి పని అలా ఎందుకు నడుస్తుందో చాలావరకు బోధపడుతుంది. నేను ఫుట్‌బాల్ అంటున్నది మన విజ్జీ స్టేడియం దగ్గర పిల్లలు కాలితో తన్నే ఆట కాదు. కోలగా ఉండే తోలు బంతిని చేతపట్టి, విసిరి, అవతలి జట్టువారిని ఢీకొంటూ గజం గజం ముందుకు జరిపే ఆట. అమెరికాలో దానికున్న హంగు గురించి అందరూ వినే ఉంటారు గానీ, కెనడావారికి అదే కుదురులో పుట్టిన సొంత ఆట, తొమ్మిది జట్లతో సీఎఫ్‌ఎల్ అనే సొంత లీగు ఉన్నాయని మనవైపు తెలిసినవారు తక్కువ.

విజయనగరంలో ఒక డిగ్రీ కళాశాలలో ఫిజికల్ డైరెక్టరుగా చాలా ఏళ్లు పనిచేసి, కబడ్డీ ఎంపికల్లో కూర్చున్నవాణ్ని కావడం వల్ల, ఆట కన్నా ఆటగాణ్ని ఎంచే తీరు మీదనే నాకు ధ్యాస ఎక్కువ. నా మేనల్లుడు సస్కాచెవాన్ రాష్ట్రంలోని రెజీనాలో ఉద్యోగం చేస్తున్నాడు. అక్కడ సాయంత్రం ఏడింటికి మొదలయ్యే ఆట మనకు మరునాడు ఉదయం ఆరున్నరకు వస్తుంది కాబట్టి, అయోధ్యా మైదానంలో నడక ముగించుకుని వచ్చి టీ తాగుతూ చూడవచ్చు. ఒకసారి ఒక రిసీవరును, అంటే విసిరిన బంతిని అందుకునే ఆటగాణ్ని, నేను తెగ మెచ్చుకుంటుంటే వాడు ఫోనులో, "బాగానే ఆడతన్నాడు గానీ మావయ్యా, అమెరికావోడు కదా, ఆడి చోటు గాల్లో దీపమే" అన్నాడు. ఆ మాటలో లీగు నిర్మాణమంతా ఉంది.

మైదానంలోకి దిగే 45 మంది జట్టులో దాదాపు సగం మంది కెనడా ఆటగాళ్లు ఉండాలి. దాడికి 12 మంది, రక్షణకు 12 మంది చొప్పున ఆట మొదలుపెట్టే 24 మందిలో కనీసం ఏడుగురు కెనడావారు ఉండాలి. అమెరికాలో ఎఫ్‌బీఎస్ అనే పై శ్రేణిలోనే 130కి పైగా విశ్వవిద్యాలయాలు ఈ ఆట ఆడుతుంటే, కెనడాలో యూ స్పోర్ట్స్ అనే విశ్వవిద్యాలయ క్రీడా సంఘం కింద ఆడే విశ్వవిద్యాలయాలు 27 మాత్రమే. అందువల్ల ఒక మంచి అమెరికా రిసీవరు పనికిరాకపోతే మరునాడే ఇంకొకణ్ని విమానంలో రప్పించవచ్చు. ఒక మాదిరి కెనడా లైన్‌మన్ (ముందు వరుసలో నిలబడి ఢీకొనేవాడు) మోకాలు దెబ్బతింటే మాత్రం అతని స్థానంలో నిలబడగల కెనడావాణ్ని వెతకడానికి జట్టు తలకిందులవుతుంది. చాలా జట్లు, బంతిని విసిరి ఆట నడిపే క్వార్టర్‌బ్యాక్‌ను కాపాడే దాడి వరుసలో ఎక్కువగా కెనడావారినే నిలపడానికి కారణం ఇదే. ఆ వరుసకు కావలసిన భారీ శరీరాలు, ఓర్పు, ఏళ్ల తరబడి కలిసి ఆడిన అలవాటు స్వదేశంలో దొరుకుతాయి. అమెరికావారికిచ్చే చోట్లు వేగం అవసరమైన స్థానాలకు మిగులుతాయి.

కెనడా ఆటగాళ్ల కోసం ఏటా ఎనిమిది రౌండ్ల డ్రాఫ్టు, అంటే జట్లు వంతులవారీగా కుర్రవాళ్లను ఎంచుకునే కార్యక్రమం, జరుగుతుంది. యూ స్పోర్ట్స్‌లో ఆడేవారితో పాటు, అమెరికా కళాశాలలకు వెళ్లి చదువుకుంటున్న కెనడా పిల్లలూ ఇందులోకి వస్తారు. దానికి ముందు జరిగే కంబైన్ అనే పరీక్షలో 40 గజాల పరుగు, నిలువు దూకుడు, పొడవు దూకుడు, మలుపుల పరుగు వంటివి కొలుస్తారు. 225 పౌండ్ల బార్‌ను, అంటే మన లెక్కలో 102 కిలోలను, బల్ల మీద పడుకుని ఎన్నిసార్లు ఎత్తగలరో కూడా లెక్కిస్తారు. కొండవెలగాడ వంటి బరువులెత్తే ఊరున్న జిల్లావాణ్ని గనుక ఈ అంకె మీద నాకు మమకారం ఉండాలి గానీ, నిజానికి అది లైన్‌మన్ గురించి చెప్పేది చాలా తక్కువ. అదే కంబైన్‌లో ఒకడి ఎదుట ఒకణ్ని నిలబెట్టి పోటీ పెట్టే ఘట్టమే అసలు పరీక్ష. ఎదుటివాడు కుడికి ఊగి ఎడమకు దూసుకొచ్చినప్పుడు కాళ్లు ఎక్కడున్నాయి, మొదటి దెబ్బకు నడుము పైకి లేచిపోయిందా, ఓడిపోయాక రెండోసారి అదే తప్పు చేశాడా అన్నవి అక్కడ బయటపడతాయి. చిన్న విశ్వవిద్యాలయపు కుర్రవాడు ఏడాది పొడవునా తనకన్నా బలహీనుల మీదనే ఆడి ఉంటాడు. పెద్ద ప్రత్యర్థి ఎదుట అతడేమవుతాడో చెప్పే సాక్ష్యం కొన్నిసార్లు ఆ కాసేపటి ఆట తప్ప మరొకటి ఉండదు.

డ్రాఫ్టులో ఎంచినవాడు వస్తాడన్న నమ్మకమూ లేదు. చదువు మిగిలి ఉంటే కళాశాలకు తిరిగి వెళ్లి ఇంకో ఏడాది ఆడుకోవచ్చు. అమెరికా లీగైన ఎన్‌ఎఫ్‌ఎల్ పిలిస్తే అటే వెళ్లిపోవచ్చు. 2014లో కాల్గరీ జట్టు మూడో రౌండులో మెక్‌గిల్ విశ్వవిద్యాలయపు లైన్‌మన్ లారాన్ డువర్నే-టార్డిఫ్‌ను ఎంచుకుంది. అప్పటికి వైద్యవిద్య చదువుతున్న ఆయనను అదే ఏడాది ఎన్‌ఎఫ్‌ఎల్ డ్రాఫ్టు ఆరో రౌండులో కాన్సస్ సిటీ కూడా ఎంచుకుంది. 2020 ఫిబ్రవరిలో ఆయన ఆ లీగు తుది పోరైన సూపర్ బౌల్ గెలిచిన జట్టులో ఉన్నాడు, డాక్టరు కూడా అయ్యాడు. కాల్గరీకి మిగిలింది కాగితం మీది హక్కు. దీన్ని ఆ స్కౌట్ తప్పుగా నేను లెక్కించను. మొదటి రౌండులో ఎంచి ఉంటే తప్పు. మూడో రౌండులో, దొరికితే అదృష్టం అన్న వెలకు తీసుకోవడం సరైన పందెం. వీరి పనిలో ఆటగాడి స్థాయిని అంచనా వేయడం ఒక ఎత్తు, అతడు ఎప్పటికి, ఏ దారిన మన దగ్గరికి చేరతాడో అంచనా వేయడం మరో ఎత్తు.

అమెరికావారి సంగతి వేరు. వారికి డ్రాఫ్టు లేదు. ప్రతి జట్టూ 45 పేర్లతో ఒక సంప్రదింపుల జాబితా పెట్టుకుంటుంది. ఆ జాబితాలో ఉన్న అమెరికా ఆటగాడు కెనడాకు రాదలచుకుంటే ముందు ఆ జట్టుతోనే మాట్లాడాలి. చాలాకాలం గుట్టుగా ఉన్న ఈ జాబితాల నుంచి 2018లో జట్లు తలా పది పేర్లు బయటపెట్టడం మొదలుపెట్టాయి. కొందరు కుర్రవాళ్లకు తమ పేరు ఫలానా జట్టు జాబితాలో ఉందన్న సంగతే తెలియదు. ఈ జాబితాల్లో పేరుమోసినవారు ఎక్కువగా కనిపిస్తారు గానీ, పేరు వేరు, సరిపోవడం వేరు. 2012లో కళాశాల ఆటలో అత్యున్నతమైన హైస్‌మన్ పురస్కారం పొందిన జానీ మాన్‌జీల్ 2018లో హామిల్టన్ ద్వారా కెనడాకు వచ్చి, మాంట్రియల్‌కు మారి, ఆరంభం నుంచి ఆడిన తొలి ఆటలోనే నాలుగుసార్లు బంతిని ప్రత్యర్థుల చేతిలో పెట్టాడు. అదే హైస్‌మన్‌ను 1984లో పొందిన డగ్ ఫ్లూటీ మాత్రం, అయిదడుగుల పది అంగుళాలైనా లేడని అమెరికాలో అనిపించుకున్నవాడు, 1990లో కెనడాకు వచ్చి లీగు ఉత్తమ ఆటగాడిగా ఆరుసార్లు నిలిచాడు. 1991లో ఆయన విసిరిన 6,619 గజాలను ఇప్పటికీ ఎవరూ దాటలేదు.

ఇద్దరికీ మధ్య తేడా ఎక్కడుందో తెలియాలంటే మైదానం కొలతలు చూడాలి. సంక్రాంతి పోటీల్లో మట్టి కోర్టు మీద మెరిసిన రైడర్లు మ్యాట్ మీదికి వచ్చేసరికి తేలిపోవడం మనవైపు ఎంపికల్లో చూసినవారికి ఇది కొత్తగా ఉండదు. కెనడా మైదానం 65 గజాల వెడల్పు. అమెరికాది 53 గజాల పైచిలుకు. ఇక్కడ జట్టుకు 12 మంది, అక్కడ 11 మంది. పది గజాలు జరపడానికి అక్కడ నాలుగు అవకాశాలుంటే ఇక్కడ మూడే. మూడోదాన్ని తరచుగా బంతిని తన్ని వదులుకోవడానికే వాడతారు కాబట్టి, చేతిలో నిజంగా ఉండేవి రెండు. మొదటి ప్రయత్నంలో రెండు మూడు గజాలే వస్తే తరువాత బంతిని విసరక తప్పదు. అందువల్ల ఇక్కడి క్వార్టర్‌బ్యాక్‌కు ఎత్తు కన్నా కాళ్లు, త్వరగా తేల్చుకునే బుద్ధి, మైదానం ఆ చివరి దాకా బంతిని పంపగల భుజం ముఖ్యం. ఫ్లూటీకి ఆ మూడూ ఉన్నాయి, వెడల్పాటి మైదానంలో పక్కకు పరుగెత్తడానికి చోటూ ఉంది.

రిసీవర్లు బంతి కదలకముందే, బంతి పెట్టిన గీత వైపు పరుగెత్తుతూ రావచ్చన్నది ఈ ఆటలో నాకు అన్నిటికన్నా నచ్చిన నియమం. దానివల్ల వారిని గీత దగ్గరే చేతులతో అడ్డుకోవడం కష్టమవుతుంది. అమెరికా కళాశాలలో ఎదురుగా నిలబడి తోసే రక్షకుడి చేతిలో చిక్కిపోయే సన్నపాటి రిసీవరు, ఇక్కడ పూర్తి వేగంతో అతణ్ని దాటుకుపోతాడు. స్కౌట్ అతని కళాశాల వీడియో చూసేటప్పుడు గీత దగ్గరి ఓటములను కొంతవరకు పక్కన పెట్టి, పరుగు అందుకున్నాక ఏం చేస్తున్నాడో చూడాలి. దీనికి మరోవైపు రక్షకుడున్నాడు. వేగం మీద వస్తున్నవాణ్ని వెనక్కి పరుగెత్తుతూ, విశాలమైన చోటులో ఒంటరిగా కాయవలసి రావడంతో, బలం మీద బతికే మూల రక్షకులు ఇక్కడ మొదటి నెలలోనే ఇంటిదారి పడతారు.

రక్షణ వరుస బంతికి ఒక గజం ఎడంగా నిలబడాలన్న నియమం కూడా మనుషుల లెక్కను మారుస్తుంది. ఆ ఎడం వల్ల బరువు కన్నా మొదటి అడుగు విలువ పెరుగుతుంది. పెన్ స్టేట్‌లో ఆడిన కామెరాన్ వేక్‌ను 2005లో ఎన్‌ఎఫ్‌ఎల్ జట్టేదీ డ్రాఫ్టు చేయలేదు. ఒక జట్టు పిలిచి పంపేసింది. 2007లో కెనడా జట్టైన బీసీ లయన్స్‌లో చేరి, వరుసగా రెండేళ్లు కెనడా లీగు ఉత్తమ రక్షకుడిగా నిలిచి, 2009లో మయామీ వెళ్లి, ఎన్‌ఎఫ్‌ఎల్‌లో నూరుకు పైగా శాక్‌లు (క్వార్టర్‌బ్యాక్‌ను బంతి విసరకముందే పడగొట్టడం) సాధించాడు. హవాయి విశ్వవిద్యాలయపు లైన్‌బ్యాకర్ (రక్షణలో ముందు వరుస వెనక నిలిచేవాడు) సాలమన్ ఎలిమిమియన్‌దీ అటువంటి కథే: అమెరికా కొలతల్లో పొట్టి, డ్రాఫ్టుకు నోచుకోనివాడు, 2014లో 143 టాకిల్స్‌తో (బంతి పట్టినవాణ్ని పడగొట్టడం), పూర్తిగా రక్షణలో ఆడుతూ లీగు ఉత్తమ ఆటగాడైన మొదటివాడు. ఇక మైకేల్ క్లెమన్స్ అయిదడుగుల ఆరంగుళాలు. తన్నిన బంతిని అందుకునేవాడు చెయ్యి ఎత్తి ఆటను ఆపించుకునే వెసులుబాటు కెనడాలో లేదు గనుక, గుంపులోంచి బంతితో జారుకోగల ఇటువంటివాడు టొరంటోకు పెద్ద ఆస్తి అయ్యాడు.

ఇవన్నీ శరీరానికి సంబంధించినవి. వారెన్ మూన్ ఉదంతం వేరు. వాషింగ్టన్ విశ్వవిద్యాలయానికి 1978 జనవరిలో రోజ్ బౌల్ అనే పెద్ద కళాశాల పోటీ గెలిపించిన ఆ నల్లజాతి క్వార్టర్‌బ్యాక్‌ను ఎన్‌ఎఫ్‌ఎల్ ఎంచుకోలేదు. స్థానం మార్చుకొమ్మన్న మాటలు మాత్రం వినిపించాయి. ఆయన ఎడ్మంటన్ వెళ్లి 1978 నుంచి 1982 దాకా సీఎఫ్‌ఎల్ విజేతకిచ్చే గ్రే కప్‌ను వరుసగా అయిదుసార్లు గెలిచిన జట్టులో ఉండి, తరువాత హ్యూస్టన్‌లో ఆడి, 2006లో అమెరికా హాల్ ఆఫ్ ఫేమ్‌కు ఎక్కాడు. అక్కడ ఎడ్మంటన్ వారి గొప్ప, కంటి ఎదుట ఉన్నదాన్ని ఉన్నట్టు చూడడమే.

ఈ మధ్య కష్టమవుతున్నది మాత్రం డబ్బు లెక్క. సీఎఫ్‌ఎల్‌లో కనీస వేతనం ఏడాదికి 70,000 కెనడా డాలర్ల ప్రాంతంలో ఉంది. అంటే 40 లక్షల రూపాయల పైచిలుకు. అమెరికా కళాశాల ఆటగాళ్లు తమ పేరు మీద సంపాదించుకోవడానికి 2021 జూలైలో అనుమతి వచ్చింది. 2025లో ఒక కోర్టు ఒప్పందం వల్ల విశ్వవిద్యాలయాలు నేరుగా వారికి ఆదాయంలో వాటా ఇవ్వడమూ మొదలైంది. పెద్ద విశ్వవిద్యాలయపు ప్రధాన జట్టులో ఆడే ఆటగాడు కెనడా వస్తే జీతం తగ్గే పరిస్థితి. ఆడే హక్కు మిగిలి ఉన్నవాడు వీలైనంత కాలం అక్కడే ఉంటాడు. కాబట్టి స్కౌట్‌కు దొరికేవాడి వయసు పెరుగుతోంది, చిన్న విశ్వవిద్యాలయాల మీద చూపు మరింత నిలపవలసి వస్తోంది. ఆగస్టు ఆఖరున ఎన్‌ఎఫ్‌ఎల్‌లోని 32 జట్లూ 90 మంది నుంచి 53 మందికి కుదించుకున్నప్పుడు వెయ్యికి పైగా ఆటగాళ్లు ఒక్కసారిగా ఖాళీ అవుతారు. అప్పటికి కెనడా ఆటల కాలం సగం గడిచిపోతుంది. ఆ వారంలో ఎవరికి ఫోను చేయాలో మూడేళ్ల కిందట కళాశాలలో చూసి రాసుకున్న కాగితాలే చెప్పాలి.

2027 నుంచి కెనడా మైదానం పొడవును 110 గజాల నుంచి 100కు, రెండు చివరల బంతిని చేర్చవలసిన ఎండ్ జోన్ లోతును 20 నుంచి 15కు తగ్గించి, గోల్ స్తంభాలను దాని వెనక గీతకు జరపాలని లీగు 2025 సెప్టెంబరులో ప్రకటించింది. వెడల్పు, మూడు అవకాశాలు, 12 మంది అలాగే ఉంటాయి గనుక పైన చెప్పిన లెక్కలు చాలావరకు చెదరవు. అయితే స్తంభాలు వెనక్కి జరిగితే అదే చోటు నుంచి తన్నిన బంతి 15 గజాలు ఎక్కువ దూరం పోవాలి. ఈ ఏడాది కళాశాలల్లో కిక్కర్లను చూస్తున్నవారు ఇప్పటి నుంచే ఆ దూరాన్ని కలుపుకుని లెక్క వేసుకోవాలని నా అభిప్రాయం. కెనడా ఆటలో ఆ స్థానాన్ని చాలాకాలంగా ఎక్కువగా స్వదేశీ ఆటగాళ్లే ఆడుతున్నారు. దూరం పెరిగాక వారిలో ఎందరు నిలుస్తారన్నది మా మేనల్లుడికీ నాకూ ఇంకా తేలని వాదం.