రిపోర్టంతా పాస్, టేబుల్‌లో ఒక్క బుకింగూ లేదు

సంక్రాంతి రద్దీకి ముందు మా బస్ టికెట్ల సైట్‌కి లోడ్ టెస్ట్ (ఒకేసారి చాలామంది వస్తే సైట్ తట్టుకుంటుందో లేదో చూసే పరీక్ష) చేసే పని నాకు అప్పగించారు. అప్పటిదాకా నేను చేసింది ఫంక్షనల్ టెస్టింగే, అంటే ఒక్కో ఫీచర్ సరిగ్గా పనిచేస్తోందో లేదో చూడటమే. బ్రౌజర్‌లో ఒక టికెట్ బుక్ చేస్తూ రిక్వెస్టులన్నీ జేమీటర్ అనే లోడ్ టెస్టింగ్ టూల్‌లో రికార్డ్ చేసి, 300 మంది ఉత్తుత్తి యూజర్లతో నడిపించాను. ఒక్క ఎర్రర్ లేదు. సగటు రెస్పాన్స్ పావు సెకను కూడా దాటలేదు.

మేనేజర్‌కి మెయిల్ రాయబోతూ, ఎందుకో అనుమానం వచ్చి డేటాబేస్ చూశాను. బుకింగుల టేబుల్‌లో కొత్తగా ఒక్క వరుస కూడా చేరలేదు.

సర్వర్ పంపిన పేజీలు తెరిచి చదివితే, అన్నీ లాగిన్ పేజీలే. రికార్డింగ్‌లో నా సెషన్‌కి ఇచ్చిన పాత టోకెన్‌నే (యూజర్‌ని సర్వర్ గుర్తుపట్టే కోడ్) 300 మందీ పంపుతున్నారు. అది చెల్లక సర్వర్ లాగిన్‌కి మళ్లిస్తోంది. ఆ పేజీ చక్కగా తెరుచుకుంటోంది కాబట్టి స్టేటస్ 200 (అంటే 'సరే'), జేమీటర్ లెక్కలో పాస్. ఆ మెయిల్ వెళ్లి ఉంటే పండగ రోజుల్లో ఏమయ్యేదో తలచుకుంటే ఇప్పటికీ టెన్షనే.

ఇలాంటి సైట్లలో ఒక పేజీ ఇచ్చిన విలువను పట్టుకుని తర్వాతి రిక్వెస్టులో పంపాలి. దీన్నే కోరిలేషన్ అంటారు. టోకెన్, సర్వీస్ ఐడీ, సీట్ లాక్ నంబర్, ఈ మూడింటినీ జవాబులోంచి కావాల్సిన ముక్కను ఏరే రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్ ఎక్స్‌ట్రాక్టర్‌తో పట్టుకునేసరికి రెండు రోజులు పట్టింది. అందరూ ఒకే సీటు మీద పడకుండా యూజర్లు, తేదీలు, సీట్లు సీఎస్‌వీ ఫైల్‌లో పెట్టాను. చివరి పేజీలో 'బుకింగ్ ఖరారైంది' అన్న మాట ఉంటేనే పాస్ అయ్యేలా అసర్షన్ (తనిఖీ నియమం) రాశాను.

ఇంకొకటి మా సీనియర్ అక్క గుర్తు చేశారు. బ్రౌజర్‌లో నడిచే జావాస్క్రిప్ట్ కోడ్‌ని జేమీటర్ నడపదు. మా సీట్ మ్యాప్ ఆ కోడ్‌తోనే ఐదు సెకన్లకోసారి ఖాళీలు అడుగుతుంది. ఒక మనిషి నిమిషం సేపు సీటు చూసుకుంటే పన్నెండు రిక్వెస్టులు! వాటిని విడిగా లూప్‌లో పెట్టాల్సి వచ్చింది.

ఈసారి 150 మందికే సైట్ స్తంభించింది. సీపీయూ మాత్రం ఖాళీగానే ఉంది. డేటాబేస్ కనెక్షన్లను సిద్ధంగా ఉంచే హికారీ కనెక్షన్ పూల్‌లో డిఫాల్ట్‌గా ఉండేవి 10 కనెక్షన్లే. మా కోడేమో పేమెంట్ జవాబు వచ్చేదాకా ఒక కనెక్షన్‌ని పట్టుకుని కూర్చుంటోంది. పూల్ పెంచేద్దామన్నారు కొందరు. నేను ఒప్పుకోలేదు, జబ్బు కోడ్‌లో ఉంది. పేమెంట్‌కి వెళ్లేముందే కనెక్షన్ వదిలేసేలా డెవలపర్లు మార్చారు.

చివరి రన్‌లో జేమీటర్ చూపించిన బుకింగులు 2,140. టేబుల్‌లో వరుసలు లెక్కపెట్టాను, 2,140. అప్పుడు మెయిల్ పంపాను.